అర ఔన్సు లెక్కతో పాత పాఠాన్ని మార్చారు

రక్త ప్రసరణను కనుగొన్నది ఎవరు? జనరల్ సైన్స్ బిట్లు తిరగేసిన ఎవరైనా విలియం హార్వే అని టిక్ పెట్టేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. కానీ ఆ ఒక్క మార్కు వెనక ఓ డాక్టరు ఏళ్ల తరబడి చేసిన పని ఉంది. ఆ పని కోసం ఆయన పోగొట్టుకున్న ప్రాక్టీసూ ఉంది.

హార్వే 1578 ఏప్రిల్ 1న ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టన్‌లో పుట్టారు. తొమ్మిది మంది పిల్లల్లో ఆయనే పెద్ద. కేంబ్రిడ్జిలో డిగ్రీ చేసి, వైద్యం చదవడానికి ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడి గురువు ఫాబ్రిసియస్ సిరల్లో చిన్న చిన్న కవాటాలు ఉంటాయని విద్యార్థులకు చూపించేవారు. అయితే అవి రక్తం వేగాన్ని తగ్గించడానికే ఉన్నాయని ఆయన అనుకున్నారు. ఆ జవాబు శిష్యుడికి సరిపోలేదు. 1602లో డాక్టరు పట్టాతో పాటు ఆ సందేహాన్నీ లండన్ తెచ్చుకున్నారు.

1609లో సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత రాజుగారి వైద్యుల్లో ఒకరయ్యారు. పేరు, డబ్బు, పరపతి అన్నీ ఉన్నాయి. ఉన్న పాఠాన్నే చెప్పుకుంటూ పోయినా జీవితం హాయిగా గడిచిపోయేది.

ఆ పాఠం గ్రీకు వైద్యుడు గేలన్‌ది. దాదాపు 1400 ఏళ్లుగా అదే నడుస్తోంది. దాని ప్రకారం, తిన్న ఆహారం నుంచి కాలేయం రక్తాన్ని తయారుచేస్తుంది. అది సిరల గుండా ఒళ్లంతా పారి, పొలానికి పెట్టిన నీళ్లలా అక్కడే ఇంకిపోతుంది. మళ్లీ కొత్త రక్తం పుడుతుంది.

హార్వే ఇక్కడే ఓ చిన్న లెక్క వేశారు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే అర ఔన్సు, అంటే సుమారు 15 గ్రాముల రక్తం బయటికి వస్తుందనుకుందాం. అరగంటలో తక్కువలో తక్కువ వెయ్యి సార్లు కొట్టుకుంటుందనుకుందాం. అంటే అరగంటకే 15 కిలోలు! మనిషి ఒంట్లో మొత్తం రక్తమే అంత ఉండదు. అంత రక్తం తయారవ్వాలంటే ఎంత తిండి తినాలి? కాబట్టి ఉన్న రక్తమే మళ్లీ మళ్లీ తిరుగుతోంది. వేరే దారి లేదు.

లెక్కతోనే ఆగలేదు. పాములు, కప్పలు, చేపల గుండెలు నెమ్మదిగా కొట్టుకుంటాయి కాబట్టి వాటిని కోసి గమనించారు. మనిషి చేతికి పట్టీ కట్టి చూశారు. గట్టిగా బిగిస్తే ధమనులు కూడా మూసుకుపోయి చెయ్యి పాలిపోయింది. కాస్త వదులు చేస్తే ధమనుల్లోంచి రక్తం వచ్చింది. కానీ పైపైన ఉండే సిరలు ఇంకా నొక్కుకునే ఉండటంతో వెనక్కి పోలేక చెయ్యి ఉబ్బింది. ల్యాబ్‌లో రక్తం తీసేటప్పుడు చేతికి రబ్బరు పట్టీ కడితే నరం పైకి తేలేది ఇందుకే. ఉబ్బిన సిరను వేలితో నొక్కి చూస్తే రక్తం గుండె వైపే కదిలింది, వెనక్కి రాలేదు. గురువు చూపించిన కవాటాల అసలు పని అదన్నమాట.

1616లోనే శరీర నిర్మాణంపై ఉపన్యాసాలు మొదలుపెట్టిన హార్వే, పుస్తకం వేయడానికి ఇంకో పన్నెండేళ్లు ఆగారు. 1628లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో అది అచ్చయింది. లాటిన్‌లో ఉన్న ఆ పుస్తకం కేవలం 72 పేజీలు.

దెబ్బ వెంటనే తగిలింది. మతి చలించిందేమో అని జనం అనుకోవడం మొదలుపెట్టారు, ఆయన దగ్గరికి వచ్చే రోగులు బాగా తగ్గిపోయారు. ప్యారిస్‌లో రియోలాన్ లాంటి పేరున్న పండితులు ఎదురు తిరిగారు. 1642లో అంతర్యుద్ధం మొదలయ్యాక పార్లమెంటు సైనికులు ఆయన నివాసంపై పడి, ఏళ్ల తరబడి రాసుకున్న నోట్సును నాశనం చేశారు. అయినా తన మాట వెనక్కి తీసుకోలేదు.

ఆయన సిద్ధాంతంలోనూ ఓ ఖాళీ ఉంది. ధమనుల్లోని రక్తం సిరల్లోకి ఎలా చేరుతుంది? కంటికి కనబడని రంధ్రాలు ఉండాలని ఊహించారు కానీ చూపించలేకపోయారు. 1657 జూన్ 3న హార్వే కన్నుమూశారు. నాలుగేళ్ల తర్వాత, 1661లో మాల్పిఘీ అనే ఇటలీ శాస్త్రవేత్త కప్ప ఊపిరితిత్తుల్లో మైక్రోస్కోపుతో రక్తకేశనాళికలను చూశారు. ఖాళీ నిండింది.

ఇప్పుడు మనకు తెలిసిన చిత్రం ఇదీ. గుండెకు నాలుగు గదులు. కుడి జఠరిక చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు, ఎడమ జఠరిక మంచి రక్తాన్ని శరీరమంతటికీ పంపుతాయి. ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం. పుపుస ధమని, పుపుస సిర మాత్రం దీనికి తిరకాసు, పరీక్షల్లో తికమక పెట్టేది అక్కడే. విశ్రాంతిలో గుండె ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున నిమిషానికి 5 లీటర్ల దాకా పంప్ చేస్తుంది. హార్వే అర ఔన్సు అసలుకన్నా చాలా తక్కువ. తక్కువ వేసినా పాత పాఠం నిలబడలేదు.

రేపు ఏ ఇంటర్వ్యూలోనో తెలియని ప్రశ్న ఎదురైతే హార్వేని గుర్తు తెచ్చుకోండి. తెలిసినంత వరకు లెక్కతో సహా చెప్పండి, మిగతాది తెలియదని ఒప్పుకోండి. ఆయన చేసింది అదే.