మూసీకి ఎగువన చూసిన మనిషి

ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్స్ డే అని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పటానికి దండ వేస్తాం. ఆయన తలపాగా అందరికీ తెలుసు. మన ఊరికి చేసిందేమిటని తార్నాక చౌరస్తాలో అడిగితే పదిమందిలో ఇద్దరైనా చెబుతారా అని నా అనుమానం.

ఆయన 1861లో మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్లిలో పుట్టారు. ఇంటిపేరు మాత్రం మన గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండానిది, పూర్వీకుల ఊరది. తండ్రి చిన్నప్పుడే పోతే ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగుళూరులో చదివారు. పూనాలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కిన నూటయాభైమంది దాకా బతికారు. మర్నాటి సంగతి చూడమని నిజాం ప్రభుత్వం పిలిస్తే విశ్వేశ్వరయ్యగారు 1909లో వచ్చారు.

నాకు నచ్చిన ఘట్టం ఇదే. ఒడ్డున ఓ గోడ కట్టించి చేతులు దులుపుకోవచ్చు, అడిగేవాడెవడు? ఆయన వాన లెక్కలు తీశారు. ఊరు వదిలి, నీళ్ళొచ్చే పైప్రాంతం చూశారు. అక్కడి 788 చెరువుల్లో 221 తెగాయని తేలింది. పై చెరువు తెగి కింది చెరువు మీద పడితే అదీ తెగుతుంది. ఎక్కడో కట్ట బలహీనమైతే, దాని పేరైనా వినని గుడిసెవాడు ఇక్కడ కొట్టుకుపోతాడన్నమాట! అందుకే వరదను ఊరికి ఎగువనే ఆపాలని, మూసీ మీదా ఈసీ మీదా జలాశయాలు కట్టమన్నారు. నది ఒడ్డున తోటలు, ఊళ్ళో భూగర్భ డ్రైనేజీ కూడా ఆయన సలహాలే. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. కట్టించింది వేరే ఇంజనీర్లు. రాళ్ళు మోసిన కూలీల పేర్లు మనకు తెలియవు.

తర్వాత మైసూరు దివాన్‌గిరీ, 1955లో భారతరత్న, 1962లో మరణం. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే.

2020 అక్టోబరు వానకు పల్లెచెరువు తెగి పాతబస్తీ వైపు కాలనీలు మునిగాయి. మళ్ళీ చెరువే! ఆ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలను అదుపు చేస్తూ 1996లో జీవో 111 వచ్చింది. ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 2022లో జీవో 69 వచ్చింది. మన క్యాంపస్‌లో పడ్డ వాన కూడా చివరికి మూసీకే చేరుతుంది. ఇక్కడ సివిల్ చదివిన కుర్రాళ్ళు రేపు ఆ ఎగువ నేలల్లో అపార్టుమెంట్లు లేపే కంపెనీల్లోనే సైట్ ఇంజనీర్లుగా చేరతారు.