కాటన్ దొర: ఏ నేలకు ఆ లెక్క

తమిళనాడులోని మన పిల్లల్లో చాలామంది విహారయాత్రలో కల్లణై చూసే ఉంటారు. కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే ఆ కట్టకూ, గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్టకూ చుట్టరికం ఉంది. ఆ చుట్టరికం కలిపింది సర్ ఆర్థర్ కాటన్.

1803లో ఇంగ్లండులో పుట్టిన కాటన్, 1821లో సైనిక ఇంజినీరుగా మద్రాసు వచ్చారు. కావేరి పనుల్లో ఆయనకు ఎదురైన చిక్కు ఒకటే. ఎంత తవ్వినా ఇసుకే వచ్చే నదిలో పునాది నిలిచేదెలా? దానికి జవాబు కల్లణైలో దొరికింది. ఆ అనుభవంతోనే 1836లో ముక్కొంబు వద్ద కొల్లిడంపై ఆనకట్ట లేచింది. ఇంగ్లిషువారి ‘ఆనికట్’ కూడా తమిళ ‘అణైక్కట్టు’ నుంచి తీసుకున్న మాటే.

అప్పటికి గోదావరి జిల్లాల పరిస్థితి దయనీయం. 1833 నాటి కరవు ఊళ్లను తుడిచిపెట్టింది. 1839లో యానాం పక్కనున్న కోరంగిని ఉప్పెన ముంచింది. పక్కనే నిండు నది పారుతున్నా పొలానికి చుక్క నీరు లేదు. కాటన్ 1844లో నివేదిక ఇచ్చారు, 1847లో పని మొదలుపెట్టి 1852కి ముగించారు. నది మధ్య లంకలను వాడుకుంటూ నాలుగు ముక్కలుగా కట్టారు. డెల్టా దశ తిరిగింది.

ఇంతవరకు మన పాఠాల్లో ఉన్నదే. తర్వాతి కథ పాఠాల్లో తక్కువ కనిపిస్తుంది, నాకైతే అదే ముఖ్యం అనిపిస్తుంది. గోదావరి లాభం చూసి లండన్ కంపెనీలు అదే నమూనాను మహానదికీ, తుంగభద్రకూ పట్టుకెళ్లాయి. కాటన్ గట్టిగా సమర్థించారు. ఒడిశా రైతుకు మామూలు ఏడాదుల్లో వానే చాలు, నీటి పన్ను కట్టడానికి ముందుకు రాలేదు. సుంకేసుల నుంచి కడప దాకా తవ్విన కాలువ వెంట ఎక్కువగా నల్లరేగడి. జొన్న, పత్తి వేసే రైతు నీళ్లెందుకన్నాడు. అనుకున్న ఆయకట్టు రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనాల్సివచ్చింది. ఇవాళ అదే కేసీ కాలువ కోసం రైతులు ఎదురుచూస్తారు. నీరు తప్పు కాదు. ఆ నేలనూ, పంటనూ, రైతునూ అడగకుండా వేసిన లెక్క తప్పు.

1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా కాటన్ తన వాదన వదల్లేదు. రైళ్ల కన్నా కాలువలే మేలన్నారు. ముసలితనంలో డార్కింగ్‌లోని ఇంటి తోటలో లోతు దుక్కితో గోధుమ పండించే ప్రయోగాలు చేస్తూ, 1899లో కన్నుమూశారు.