మైక్ రాయ్‌కో

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, మిచిగన్ సరస్సు తీరమున చికాగో మహానగరము కలదు. 1932 సెప్టెంబరు 19వ తేదీన మైక్ రాయ్‌కో అచ్చట జన్మించెను. తల్లిదండ్రులు సంపన్నులు కారు. వారి కుటుంబము ఒక మద్యశాల పై యంతస్తున నివసించుచుండెను. శ్రామికులైన ఇరుగుపొరుగువారి కష్టసుఖములను, మాటతీరును బాలుడు చిన్ననాటనే ఎరిగెను.

యౌవనమున రాయ్‌కో వైమానిక దళమున పనిచేసెను. ఆయన పట్టభద్రుడు కాడు. వైమానిక స్థావరమున వెలువడు చిన్న పత్రికయే ఆయనకు తొలి పాఠశాల. 1959లో చికాగో డెయిలీ న్యూస్ పత్రికలో విలేకరిగా చేరెను. కొలది యేండ్లకు ప్రతిదినమును తన పేర ఒక శీర్షిక వ్రాయు బాధ్యత ఆయనకు లభించెను. వారమునకు ఐదు వ్యాసములు వ్రాయుట సామాన్యమైన పని కాదు. నేటి వ్యాసము ముగియకమునుపే రేపటి విషయము వెదకుకొనవలెను. ఈ శ్రమను ముప్పది యేండ్లకు పైగా సాగించి, రాయ్‌కో 7,500కు మించిన వ్యాసములు వ్రాసెను. స్లాట్స్ గ్రాబ్నిక్ అను కల్పిత పాత్రను సృష్టించి, సామాన్యుని తలపులను వానిచే నవ్వు పుట్టునట్లు పలికించెను.

1955 మొదలు 1976లో మరణించువరకు చికాగో మేయరు పదవిలో రిచర్డ్ డేలీ ఉండెను. నగరములోని ఉద్యోగములు, గుత్తపనులు ఆయన పక్షమువారి చేతిలో నుండుటచే ఎదురాడుటకు పలువురు జంకిరి. రాయ్‌కో జంకలేదు. 1971లో ‘బాస్’ అను గ్రంథమున మేయరు పాలనలోని లోపములను విప్పి చూపెను. మరుసటి యేడు ఆయన వ్యాసములకు పులిట్జరు బహుమానము లభించెను.

1973లో ఒక యువసైనికుని దైన్యము ఆయన దృష్టికి వచ్చెను. వియత్నాము యుద్ధమున ముఖము ఛిద్రమై, చూపు పోగొట్టుకొన్న ఆ యువకుడు ఆహారము నమలలేక ద్రవములతోనే ప్రాణము నిలుపుకొనుచుండెను. మరల నమలగలుగుటకు వలయు శస్త్రచికిత్స వ్యయమును భరించుటకు మాజీ సైనికుల క్షేమము చూచు ప్రభుత్వశాఖ నిరాకరించెను. రాయ్‌కో ఆ సంగతిని ఆడంబరము లేక, ఉన్నది ఉన్నట్లు వ్రాసెను. పాఠకుల హృదయములు చలించెను. పిమ్మట ఆ శాఖ తన నిర్ణయమును మార్చుకొనెను.

1978లో డెయిలీ న్యూస్ మూతపడగా రాయ్‌కో సన్ టైమ్స్ పత్రికలో చేరెను. 1984లో ఆ పత్రిక రూపర్ట్ మర్డాక్ వశమైనప్పుడు, ఆ యాజమాన్యము క్రింద పనిచేయ నిష్టపడక ట్రిబ్యూన్ పత్రికకు వెడలిపోయెను. ఆయన పరిహాసము ఒక్కొక్కప్పుడు హద్దు మీరి నిరపరాధులను సైతము నొప్పించెడిది. 1996లో ఒక వ్యాసమును గర్హించుచు మెక్సికో సంతతివారు ట్రిబ్యూన్ కార్యాలయము ఎదుట నిరసన తెలిపిరి. ప్రజలకొరకై ఎత్తిన కలమునకు సైతము సంయమనము అవసరమని ఈ సంఘటన తెలుపుచున్నది.

1997 ఏప్రిల్ 29వ తేదీన రాయ్‌కో కన్నుమూసెను. అధికారులు ఆలకింపని దీనుని మొరను నగరమంతయు వినునట్లు చేయుటయే ఆయన జీవితకార్యము. ఆయన పేరు నేటికిని నిలిచియుండుటకు అదియే కారణము.