వెన్నెలకంటి సుబ్బారావుగారు

నెల్లూరు తీరమున పుట్టినవారు తిక్కనసోమయాజిని మఱవరు. విష్ణుపురాణమును తెనిఁగించిన వెన్నెలకంటి సూరనను పండితు లెఱుఁగుదురు. అదే యింటిపేరుగల సుబ్బారావుగారి పేరు విన్నవారు కలరు గాని ఆయన గ్రంథమును చదివినవారు తక్కువ. ఆత్మచరిత్రము వ్రాసిన యాంధ్రులలో ఆయనను ప్రథములుగా నెన్నుదురు. అయినను ఆ గ్రంథము తెలుఁగున లేదు.

ఆయన 1784లో ఒంగోలు సీమలో జన్మించిరి. 1904లో గుంటూరు జిల్లా యేర్పడువఱకు ఒంగోలు నెల్లూరు మండలములోనిదే. ఆయనకు పదునేడవయేఁడు నడచుచుండఁగా, 1801లో, ఆ మండలము ఆర్కాటు నవాబు చేతినుండి కుంఫిణీవారి చేతికి పోయెను. ఆ కాలపు కచేరీలలో ఒక్క భాషతో పని సాగెడిది కాదు. రైతుతో తెలుఁగు, లెక్కలకు మరాటీ, న్యాయస్థానమునకు పారసీకము, దొరతో ఇంగ్లీషు. సుబ్బారావుగారు వీనినెల్ల నేర్చిరి. తమిళ కన్నడములును వారికి వచ్చును. ఒకదానికై మఱియొకదానిని విడువవలసిన యగత్యము వారికి కలుగలేదు. 1815లో చెన్నపురి సదర్ అదాలతు న్యాయస్థానమున భాషాంతరీకర్తయై 1829 వఱకు కొలువుచేసి, 1839లో స్వర్గస్థులైరి.

ఈ కొలువుకంటె మాకు ముఖ్యముగా తోఁచునది, చెన్నపురి పాఠశాలాపుస్తక సంఘమునకు 1820లో ఆయన సమర్పించిన నివేదిక. ఇంగ్లీషు నేర్చిన దేశీయులలో ఆ భాషావ్యాకరణ మెఱిఁగినవారు మిక్కిలి యరుదని ఆయన చెప్పిరి. దేశీయపాఠశాలలను సైతము విడిచిపెట్టలేదు. బాలురు పద్యములు వల్లించుటయే గాని యర్థ మెఱుఁగరనియు, దేశభాషలలో చక్కని పాఠ్యపుస్తకములు కావలెననియు కోరిరి. ఇంగ్లీషువలన పదవి పొందినవారు ఈ మాట చెప్పిరని పాఠకులు గమనింతురు గాక.

ఆ మాట నడచినదా? 1835లో బెంటింకు ప్రభుత్వము మెకాలే వాదమును మన్నించి విద్యకగు ధనమును ఇంగ్లీషు చదువునకు మరల్చెను. 1844లో హార్డింజి ప్రభువు ఆ చదువు చదివినవారికి సర్కారు కొలువులలో ప్రాధాన్యము నొసఁగెను. సుబ్బారావుగారి చేతిలో పలు పనిముట్లలో నొకటిగా నుండిన భాష యిట్లు కూటికి ద్వారమయ్యెను. తక్కిన భాషలు పెరటిలో నిలిచినవి.

ఆయన ఆత్మచరిత్రమును కుమారుఁడు 1873లో చెన్నపురిలో అచ్చొత్తించెను. దాని ముఖపత్రముమీఁద సుబ్బారావు 'సూబ్రౌ' అయి యున్నాఁడు. వెన్నెల కన్నులయందుఁగల యింటిపేరునకు ఆ లిపిలో పట్టిన గతి చెప్పనక్కఱలేదు. ఆనాఁటి తెలుఁగు వచనమునకు అంత శక్తి లేదందురా? ఏనుఁగుల వీరాస్వామయ్యగారే యుత్తరము. ఆయనయు చెన్నపురిలోనే, సుప్రీముకోర్టున ద్విభాషి. 1830లో కాశికి బయలుదేరి 1831లో మరలివచ్చిన యా యాత్రను తెలుఁగుననే వ్రాసి, తన మిత్రుఁడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి పంపుచువచ్చిరి. అది 1838లో అచ్చయ్యెను. ఇద్దఱిదియు నొకే పట్టణము, ఒకే వృత్తి. వీరాస్వామయ్యగారి పుస్తకము తెలుఁగువారి చేతికి నేరుగా వచ్చినది. సుబ్బారావుగారి పుస్తకము మాత్రము శతవత్సరములు గడచిన పిమ్మట అక్కిరాజు రమాపతిరావుగారి యనువాదమున ఇల్లు చేరినది.

ఇంగ్లీషు చదువు కోరు పేద తలిదండ్రులను మేము నిందింపఁజాలము. కూటిని ఆ భాషకు ముడివైచినవారు వారు కారు. 2019లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడులను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్పఁజూచెను. 2020లో హైకోర్టు ఆ యుత్తరువులను కొట్టివైచెను. ఆ 2020లోనే నెల్లూరికి ప్రాచీన తెలుఁగు అధ్యయన కేంద్రము వచ్చినది, సంతోషము. పిదప ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుఁగుగా పాఠ్యపుస్తకములును వెలువడినవి. ఆ పుస్తకము చేతఁబట్టిన ఒంగోలు బాలిక ఏ పుట చదువుచున్నది? చదివినది ఆమె కర్థమైనదా? విద్యాశాఖవారు పుటల లెక్కతోపాటు ఈ లెక్కయు తీయవలెను. సుబ్బారావుగారు 1820లో అడిగినది ఇదియే.