సర్ రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు

ఆంధ్రదేశమున ఉపాధ్యాయవృత్తికి గౌరవము దెచ్చిన మహనీయులలో రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు అగ్రగణ్యులు. వారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి సైన్యమున సుబేదారుగా నుండుటచే వారి బాల్యము ఉత్తరదేశమునను, హైదరాబాదునను గడచినది. ఊరు మారి, భాష మారి, తరగతిలో క్రొత్తవాడై కూర్చుండుట యెట్టిదో వారు చిన్ననాడే యెరిగిరి.

పిమ్మట వారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి, విలియం మిల్లరు దొరగారికి శిష్యులైరి. పాఠము చెప్పుట యొక్కటే గురువు పని కాదనియు, శిష్యుని శీలమును, యోగక్షేమములను గూడ కనిపెట్టి యుండవలెననియు నాయుడుగారు జీవితాంతము నమ్మి నడచిరి. మతమున వారు బ్రహ్మసామాజికులు. అయినను మిషను గురువు నాటిన ఆ బీజమును మరువలేదు. యౌవనమునందే భార్య గతింపగా మరల వివాహమాడక, తెల్లని వస్త్రములు ధరించి, తమ జీవితమును విద్యార్థుల కర్పించిరి.

మచిలీపట్టణపు నోబులు కళాశాలలోను, సికిందరాబాదు మహబూబు కళాశాలలోను పనిచేసిన తరువాత, వారు కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులై, 1919 వరకు సుమారు పదునైదేండ్లు ఆ పదవి నిర్వహించిరి. ఆ దినములలో మన ఆలమూరు వంటి గోదావరీ తీరగ్రామముల బాలురు పైచదువు కోరినచో రాజమహేంద్రవరమునకో కాకినాడకో పోవలసియుండెను. పోయిన వారందరి అక్కరయు ఒక్కటి గాదు. ఒకనికి జీతము కట్టుటకు ధనము లేదు. ఒకనికి తలిదండ్రులే లేరు. అంటరానివాడని త్రోయబడిన వానికి పట్టణమున అద్దెకు గది దొరకదు, పూటకూళ్లయింట అన్నము దొరకదు. అట్టివానికి కళాశాల తలుపు తెరచినంతమాత్రమున ఏమి లాభము? రాత్రి తలదాచుకొనుట కెక్కడికి పోవును?

నాయుడుగారు ఈ ప్రశ్నను తమ ప్రశ్నగా గైకొనిరి. తమ జీతమునుండి బీదవిద్యార్థులకు ధారాళముగా నిచ్చిరి. అంటరానివారనబడిన పిల్లలకై కాకినాడలో వసతిగృహము నెలకొల్పిరి. వారిని గురువుగా భావించిన పిఠాపురము మహారాజావారు ఆ పట్టణముననే అనాథ శరణాలయమును నెలకొల్పిరి.

ఇక బాలికల మాట. పురుషులు మాత్రమే చదువు కళాశాలలోనికి వారు స్త్రీలను జేర్చుకొనిరి. కూతురును పంపు తలిదండ్రులకు ఎంత భయముండునో ఊహింపదగును. అయితే అదే గురువు ఎన్నో యేండ్లుగా యువకులకు శీలపవిత్రతను బోధించుచు, భోగము మేళములను ఖండించుచు, స్త్రీని గౌరవించుట పురుషధర్మమని నేర్పుచుండెను. ఈ రెండు పనులను కలిపి చూచిననే వారి వివేకము తెలియును. బాలికను దాచియుంచుట రక్షణ గాదు. ఆమె ప్రక్కన కూర్చుండు బాలుని తీర్చిదిద్దుటయే రక్షణ.

ప్రభుత్వము 1924లో వారిని సర్ బిరుదముతో గౌరవించినది. 1925 మొదలు 1928 వరకు వారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు, పత్రికాసంపాదకులు ముట్నూరి కృష్ణారావుగారు వారి శిష్యులే. 1939వ సంవత్సరము మే 26వ తేదీన వారు పరమపదించిరి.

అస్పృశ్యతను నిషేధించు రాజ్యాంగము 1950లో వచ్చినది. బాలలకు విద్యాహక్కు చట్టము 2009లో వచ్చినది. నాయుడుగారి కాలమున ఈ చట్టములేవియు లేవు. నేడు అవి యున్నను, వెనుక బల్లపై మౌనముగా కూర్చున్న పిల్లవానికి కన్ను సరిగా కనబడుటలేదో, ఇంట కూడు లేదో, తోడివారు బాధించుచున్నారో కనుగొనుట చట్టమునకు సాధ్యము గాదు. అది గురువు కన్ను చేయు పని. అందరికిని ఒకే కొలత నిచ్చుట సమదృష్టి యని మనము పొరబడుచుందుము. ఎవరికేది కొరతయో అది యిచ్చుటయే సమదృష్టి. విద్యార్థులారా! మీ ప్రక్కవాని కొరతను మీరును కనుగొని, అతనిని నవ్వులపాలు చేయక, చేయూతనిచ్చుడు. ఆ మహనీయుని స్మరించుట కంతకంటె తగిన మార్గము లేదు.