డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

గోదావరి భద్రగిరి పాదములను గడిగి, పాపికొండల నడుమ దూరి, రాజమహేంద్రవరము చేరును. ఆ పట్టణమున బాల్యవిద్య నభ్యసించి, లోకమునకు దివ్యౌషధముల నిచ్చిన మహనీయుడు డాక్టరు సుబ్బారావుగారు. ఆసుపత్రులలో మూత్రపుగొట్టముల వలన గలుగు వ్యాధులను గూర్చి భద్రాచల, ఖమ్మము ప్రాంతముల పాఠకులకు మనవి చేయబూనిన మాకు ఆయన జీవితమే స్ఫురించినది.

ఆయన 1895లో భీమవరమున జన్మించిరి. మదరాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీమహాత్ముని పిలుపు నాలకించి ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాగారమున నిలిచిరి. ఆంగ్లాచార్యుని యాగ్రహమునకు ఫలముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగా తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. లభించినది. కాకినాడ మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థయు, మామగారును ఆదుకొనగా 1922లో బోస్టను చేరిరి. అచట కడుపు నింపుకొనుటకు రాత్రులందు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపఱచిరి. వైద్యపట్టము గలవాడు ఆ పనికి సిగ్గుపడలేదు.

1925లో ఫిస్కె పండితునితో గలసి శరీరద్రవములయందలి భాస్వరమును గొలుచు పద్ధతిని వెల్లడించిరి. 1940లో లెడర్లీ సంస్థ జేరి పరిశోధనలకు నాయకులైరి. ఆయన యాజమాన్యముననే డెబ్బది యేండ్లు దాటిన డగ్గరు పండితుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసినును సాధించెను. టెట్రాసైక్లినులలో మొదటిదగు నీ మందు 1948 జూలైలో లోకమునకు తెలిసినది. పలు మూత్రవ్యాధులకును అది నాడు పనిచేసెను. మఱుసటి నెలలోనే, 53వ యేట, సుబ్బారావుగారు దివంగతులైరి.

అట్టి మందులుండగా భయమేల యని కొంద ఱనవచ్చును. మూత్రపుగొట్టము లోపలనున్న ప్రతిదినమును నూటికి 3 మొదలు 7 గురు రోగుల మూత్రమున క్రొత్తగా సూక్ష్మజీవులు చేరునని వైద్యులు లెక్కించిరి. అవి గొట్టపుగోడ నంటి జిగటపొరగా పేరుకొనును. ఆ పొరలోనికి మందు చక్కగా చొరదు. జ్వరము, నొప్పి మున్నగు లక్షణములు లేకున్నను మందు వాడుటచే, దానికి లొంగని జీవులు ప్రబలుచున్నవి. మందు నిష్ఫలమైననాడు రోగికి గతి యేమి?

కావున నివారణమే మేలు. అవసరమున్ననే గొట్టము నమర్చవలెను. ముట్టుకొనుటకు ముందును తరువాతను చేతులు కడుగవలెను. సంచి మూత్రాశయమునకు దిగువను, నేలకు తగులకయు నుండవలెను. గొట్టమును సంచినుండి ఊరక విడదీయరాదు. ఇంకను గొట్టము కావలయునా యని బంధువులు ప్రతిదినము వైద్యు నడుగవలెను. అక్కఱ తీఱిననాడే తీసివేయవలెను.

ఆసుపత్రులకు దానమిచ్చు భూస్వాములకును పురప్రముఖులకును మాదొక విన్నపము. పాలరాతి ఫలకములకంటె నీటికొళాయి, సబ్బు, పారిశుద్ధ్యపనివారికి తగిన జీతము ముఖ్యములు. మందును గనిపెట్టిన సుబ్బారావుగారును, పాత్ర గడిగిన సుబ్బారావుగారును ఒక్కరే. మొదటివారిని పూజించి రెండవవారిని మఱచుట మనకు తగదు.