లార్డు కెల్విన్

మల్కాజ్‌గిరి బాలబాలికలు సెలవు దినములలో హుస్సేన్‌సాగరమునకు పోయి మరపడవ నెక్కుట కలదు. చీకటి పడగానే పడవలోని దీపములు వెలుగును. ఆ దీపములకు విద్యుత్తు నందించు తీగలు పలకల చాటున దాగియుండును. కావున వానిని గమనించువారు అరుదు. ఆ తీగ యెంత లావుండవలెను? సన్ననిదైనచో నేమగును? ఇది చిన్న ప్రశ్నవలె తోచును. కాని యొకప్పుడు ఈ ప్రశ్నను తేలికగా తీసికొనుటచేత రెండు ఖండములను కలిపిన మహాకార్యము గంగపాలయ్యెను. తీగను గూర్చి ముందుగనే హెచ్చరించినవాడు విలియం థామ్సన్. లోకము ఆయనను లార్డు కెల్విన్ అని యెరుగును.

విలియం థామ్సన్ 1824వ సంవత్సరము జూన్ 26వ తేదీన ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున జన్మించెను. తండ్రి జేమ్స్ థామ్సన్ గణితోపాధ్యాయుడు. విలియం పసివాడుగా నున్నప్పుడే తల్లి మరణించెను. నాటినుండి తండ్రియే బిడ్డలకు తల్లియు గురువును అయ్యెను. తండ్రికి గ్లాస్గో విశ్వవిద్యాలయమున ఆచార్య పదవి లభింపగా కుటుంబము అచటికి తరలెను. పదేండ్ల ప్రాయముననే విలియం ఆ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా చేరెను. పిమ్మట కేంబ్రిడ్జిలో చదివి, 1846లో, తన 22వ యేట గ్లాస్గోలో భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. ఆ పదవిలో 53 సంవత్సరములు పనిచేసెను.

1847లో ఆక్స్‌ఫర్డులో జరిగిన యొక విద్వత్సభలో ఆయనకు జేమ్స్ జౌల్ పరిచయమయ్యెను. విద్యుత్తు ప్రవహించు తీగలో వేడి పుట్టుననియు, ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగుననియు జౌల్ అంతకుముందే కనుగొనియుండెను. ఉష్ణమును గూర్చి ఆయన చెప్పిన క్రొత్త సిద్ధాంతమును నాటి పండితులలో పెక్కుమంది లెక్కసేయలేదు. థామ్సన్ మాత్రము శ్రద్ధతో వినెను. వారి స్నేహము శాస్త్రమునకు మేలుచేసెను.

ఆ దినములలో ఐరోపానుండి అమెరికాకు వార్త చేరవలెనన్నచో ఓడయే దిక్కు. అందుకు పది దినములకు పైగా పట్టుచుండెను. అట్లాంటిక్ సముద్రగర్భమున తీగ వేసి క్షణములలో వార్తలు పంపవలెనని 1856లో ఒక కంపెనీ యేర్పడెను. దాని మూలధనము 3,50,000 పౌన్లు. థామ్సన్ దాని డైరెక్టర్లలో ఒకడయ్యెను.

సన్నని కాలువతో దూరపు చెరువును నింపుట యెంత ఆలస్యమో, సన్నని తీగతో దూరమునకు వార్త పంపుటయు అంతే ఆలస్యమని థామ్సన్ గణించెను. తీగ పొడవు రెట్టింపైనచో ఆలస్యము నాలుగు రెట్లగునని తేల్చెను. కావున లోపలి రాగి తీగ లావుగా నుండవలెననియు, దానిపై తొడుగు దళసరిగా నుండవలెననియు, రాగి మిక్కిలి స్వచ్ఛమైనదై యుండవలెననియు ఆయన మతము. కంపెనీ విద్యుత్ నిపుణుడైన వైట్‌హౌస్ దీని నంగీకరింపలేదు. సన్నని తీగయే చాలునని ఆయన వాదించెను. సన్నని తీగకు ఖర్చు తక్కువ. కంపెనీ దానివైపే మొగ్గెను. ఒక్కొక్క సముద్రపు మైలునకు సుమారు 49 కిలోగ్రాముల రాగి మాత్రమే గల తీగ తయారయ్యెను.

తన మాట చెల్లలేదని థామ్సన్ అలిగి కూర్చుండలేదు. జీతము గోరక ఓడ నెక్కెను. మిక్కిలి బలహీనమైన ప్రవాహమును సైతము పసిగట్టు యంత్రము నొకదానిని కల్పించెను. చిన్న అద్దము కదలగా గోడపై వెలుగుచుక్క జరుగుటయే అందలి కీలకము. 1857లో తీగ తెగెను. మరుసటి యేడు తుపానులో ఓడ మునుగవలసినంత పనియయ్యెను. తుదకు 1858 ఆగస్టు 5వ తేదీన తీగ రెండు తీరములను కలిపెను. ఊరూర ఉత్సవములు జరిగెను. కాని విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశము చేరుటకు 16 గంటలు పట్టెను! సంకేతములు బలహీనముగా నుండుట చూచి వైట్‌హౌస్ సుమారు 2000 వోల్టుల ఒత్తిడిని ప్రయోగించెను. ముందే లోపములున్న తొడుగు దానికి తాళలేకపోయెను. కొలది వారములలోనే తీగ మూగవోయెను.

పిమ్మట విచారణ సంఘమొకటి కారణములను పరిశోధించెను. థామ్సన్ మాటలకు విలువ హెచ్చెను. క్రొత్త తీగలో సముద్రపు మైలునకు సుమారు 136 కిలోగ్రాముల రాగి నుంచిరి. తొడుగును దళసరి చేసిరి. 1865లో అదియు నడిసముద్రమున తెగెను. అయినను వెనుదీయక 1866 జులై 27వ తేదీన గ్రేట్ ఈస్టర్న్ అను మహానౌక నుండి దించిన తీగతో కార్యము నెరవేర్చిరి. ఆ యేడే థామ్సన్‌కు సర్ బిరుదము లభించెను. 1870లో అదే నౌక బొంబాయి నుండి ఏడెన్ వైపు తీగను పరచెను.

థామ్సన్ 1870లో లల్లారూఖ్ అను తెరచాప నౌకను కొని, దిక్సూచిని, లోతు కొలుచు యంత్రమును మెరుగుపరచెను. 1881లో తీగ లావును గూర్చి మరియొక నియమము చెప్పెను. లావు తీగకు రాగి ఖర్చు హెచ్చు. సన్నని తీగలో విద్యుత్తు వేడియై వ్యర్థమగును. రాగికై పెట్టిన ధనముపై సాలుకగు వడ్డియు, సాలున వ్యర్థమగు విద్యుత్తు వెలయు సమానమైనచోట సరియైన లావు దొరకును.

ఈ విచారము చిన్న పడవకును చెల్లును. పడవ బ్యాటరీ 12 వోల్టులది యనుకొందము. దీపములు 10 మీటర్ల దూరమున నున్నచో, పోవు తీగ వచ్చు తీగ కలిసి 20 మీటర్లగును. ప్రవాహము 10 ఆంపియర్లు. రాగి తీగ అడ్డుకోత వైశాల్యము 1 చదరపు మిల్లీమీటరైనచో సుమారు 3.4 వోల్టులు దారిలోనే హరించును; దీపములు మసకబారును. 6 చదరపు మిల్లీమీటర్లైనచో నష్టము 0.6 వోల్టునకు మించదు. తీగ లావొక్కటే చాలదు. ఎక్కడైన రెండు తీగలు తాకినచో ప్రవాహము ఒక్కసారిగ పెరుగును. జౌల్ చెప్పినట్లు వేడి అంతకంటె వేగముగ పెరిగి తొడుగు మండును. నీటినడుమ నిప్పు పుట్టినచో పారిపోవ తావేది? అందుకే బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు నుంచుదురు. అది దీపములకు వలయు ప్రవాహమును పోనీయవలెను. తీగ తాళగలిగినంతకు మించి పోనీయరాదు. మాటిమాటికి ఫ్యూజు పోవుచున్నదని పెద్ద ఫ్యూజు వేయుట, కావలివానిని నిద్రబుచ్చుటయే యగును.

1892లో థామ్సన్ లార్డు కెల్విన్ అయ్యెను. గ్లాస్గోలో పారు కెల్విన్ నదియే ఆ పేరునకు మూలము. 1907 డిసెంబరు 17వ తేదీన ఆయన మరణించెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో న్యూటన్ సమాధి చెంతనే ఆయనను ఉంచిరి.

తన హెచ్చరికను త్రోసిపుచ్చినవారి నౌక నెక్కి, వారి తీగనే కాపాడజూచిన ఉదారుడు కెల్విన్. కంటికి కానరాని తీగపైననే కంటికి కానవచ్చు వెలుగు ఆధారపడి యున్నదని ఆయన జీవితము చాటుచున్నది.